సోలెడు తవుడు

పోయిన నెల మా కోడలు సరుకులతోబాటు ఒక నూనె డబ్బా తెచ్చి వంటగట్టు మీద పెట్టింది. తవుడు నూనెట. "గుండెకి మంచిదంట అత్తయ్యా, రేటు కొంచెం ఎక్కువే" అంది. నేను ఆ డబ్బాని అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని దాని మీద వెల చదివి, నవ్వాపుకోలేకపోయాను. గేదెల కుడితిలో కలిపే తవుడుకి ఇంత భోగం పట్టిందని నవ్వుతున్నాననుకుంది ఆ పిల్ల. అదీ నిజమే. కానీ తవుడుతో నాకు అంతకన్నా దగ్గరి చుట్టరికం ఉంది. పుట్టిన పదకొండో రోజున మా అమ్మ నన్ను సోలెడు తవుడుకి అమ్మేసింది.

కంగారు పడకండి, అది అప్పట్లో మా వైపు ఉన్న పద్ధతే. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టినదాన్ని చేటలో పడుకోబెట్టి, దొడ్డిగుమ్మంలోంచి ఇరుగుపొరుగు ఎవరికైనా అందించి, బదులుగా వాళ్ళ దగ్గర కాస్త తవుడు కొంగులో పోయించుకునేవాళ్ళు. ఈ తల్లి చేతిలో పిల్లలు నిలవడం లేదు గనక, ఈ పిల్ల ఆమెది కాదు, పరాయివాళ్ళది అని ఆ పిల్లల్ని పట్టుకుపోయే గండానికి కళ్ళు కప్పడం. అదే పూట బిడ్డని తెచ్చి మళ్ళీ తల్లి పక్కలోనే పడుకోబెట్టేస్తారు. బిడ్డకి ఐదేళ్ళు దాటాక ఒక మంచిరోజు చూసి, అదే కొలతకి తవుడు తిరిగిచ్చి కొనేసుకుంటారు. తర్వాత ఇక పెళ్ళిళ్ళలో పేరంటాల్లో ఏడిపించుకోడానికి తప్ప ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. మా ఊళ్ళో ఇలా అమ్ముడుపోయిన వాళ్ళు మా బంధువుల్లోనే ముగ్గురున్నారు. ముగ్గురూ తల్లుల చంకల్లో పెరిగినవాళ్ళే. నా సంగతే వేరేగా అయింది. ఎందుకంటే నన్ను అమ్మింది మా అమ్మ.

మా అమ్మని ఎరిగినవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు. ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. ఆవిడది గుడివాడ పక్కన పల్లెటూరు, వ్యవసాయదారుల ఇల్లు. చిన్నప్పుడొకసారి మా అమ్మమ్మ పొలానికి పోతూ "నేనొచ్చేదాకా గుమ్మం దాటకు" అని చెప్పి వెళ్ళిందట. దూడ కట్టు తెంపుకుని వాకిట్లోనే కూరపాదులన్నీ మేసేస్తుంటే, ఎనిమిదేళ్ళ పిల్ల గుమ్మంలో నిలబడి ఏడుస్తూ చూసిందట గాని కాలు బయట పెట్టలేదట. ఇంకోసారి ఏదో జబ్బు తగ్గితే దేవుడికి ఒక పండు వదిలేస్తానని మొక్కుకుంది. అందరూ తమకి గిట్టని పండే వదులుతారు, దేవుడు కూడా సర్దుకుపోతాడు. ఆవిడ ప్రాణంలా తినే జామపండు వదిలింది. తర్వాత యాభై అరవై ఏళ్ళు జామకాయ కోసిన కత్తిపీటని కూడా కడిగిగాని వాడలేదు. మాట ఇచ్చాక దానికి అటూ ఇటూ సందు ఉంటుందని ఆవిడకి తెలియదు. దానికి తోడు విపరీతమైన భయం. ఈ రెండు గుణాలూ ఉన్న మనిషికి, ఇద్దరు మగపిల్లలు ఏడాది తిరక్కుండానే పోయాక, ఇరవై రెండేళ్ళ వయసులో నేను పుట్టాను.

నన్ను కొన్నావిడని నేను కొన్నమ్మ అనేదాన్ని. విజయవాడ గుణదలలో మా వెనకింటావిడ. క్యాథలిక్కులు. భర్త రైల్వేలో కలాసీ, ముగ్గురు కొడుకులూ చేతికందొచ్చారు, దొడ్లో రెండు గేదెలు. ఆవిడకి ఈ అమ్మకాల మీద నమ్మకమేమీ లేదు. మా నాయనమ్మ వెళ్ళి అడిగితే, "పిల్ల బతుకుతుందంటే తవుడేమిటండీ, గేదెనే ఇస్తాను" అందట. చేట అందుకుని, నా నుదుటి మీద సిలువ గీసి, మా అమ్మ కొంగులో సోలెడు తవుడు పోసింది. ఆ తవుడుని మా నాయనమ్మ సాయంత్రం ఆవిడ గేదెకే కుడితిలో కలిపేసింది. అలా నా వెల పొద్దుగూకకముందే గేదె కడుపులోకి పోయింది. అక్కడితో అందరికీ ఆ తంతు అయిపోయింది, మా అమ్మకి తప్ప.

మా అమ్మకి మాత్రం నేను ఆ రోజునుంచి వెనకింటి పిల్లనే. ఇక్కడ సులువుగా అమ్మ అని రాసేస్తున్నాను గాని, ఆవిడ నాకు నేర్పిన పిలుపు పిన్ని. నా నోట మొదటి మాటలు వచ్చేటప్పుడు పక్కన కూర్చుని "పిన్ని అను, పిన్ని" అని నేర్పిందట. నాకు పాలిచ్చింది, నీళ్ళు పోసింది, గోళ్ళు తీసింది, చిన్న తుమ్ము తుమ్మితే వాము వేయించి మూటగట్టి వాసన చూపించింది. అన్నీ చేసింది. కానీ చేసే పద్ధతి వేరు. ఎవరో నమ్మి అప్పగించిన పిల్లకి మాటరాకుండా చూసుకున్నట్టు ఉండేది. నన్ను ముద్దుపెట్టుకోగా నాకు జ్ఞాపకం లేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకోగా జ్ఞాపకం లేదు. నాకు పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, చెవులు కుట్టించాలన్నా వెనక్కి వెళ్ళి "వదినగారూ, మీ పాపకి చెవులు కుట్టించమంటారా?" అని అడిగేది. కొన్నమ్మ మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసి, "ఆఁ, కుట్టించమ్మా" అని ఊరుకునేది. మా నాన్న ఆటోనగర్‌లో లారీ షెడ్డులో మెకానిక్కు. గ్రీజు చేతులతో ఇంటికొచ్చి, "ఏమ్మా, వెనకింటివాళ్ళ పిల్ల అన్నం తిన్నదా?" అని ఎగతాళి చేసేవాడు. అమ్మ ఎగతాళి అనుకునేది కాదు. "తిన్నదండీ" అని బుద్ధిగా జవాబు చెప్పేది.

ముద్దుమురిపాలన్నీ నాకు వెనకింట్లోనే. కొన్నమ్మ చీరకి ఎప్పుడూ పచ్చిగడ్డి, పాల వాసన. పాలు పితికేటప్పుడు నన్ను వీపు మీద వేలాడనిచ్చేది. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకి కొండ మెట్లన్నీ నన్ను చంకనేసుకుని ఎక్కేది. ఆ జనం, కొవ్వొత్తుల మైనం, కొబ్బరిచెక్కలు, బూరాలు, చెరుకుగడలు. నేను ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూస్తే నాలుగు మెట్లు కింద మా అమ్మ చేతిలో నా చెప్పులు పట్టుకుని వస్తుండేది. ఎవరైనా మమ్మల్ని చూస్తే, ఆవిడ తోడు వచ్చిన పొరుగావిడ అనే అనుకుంటారు. ఆవిడకి కావలసిందీ అదే. నాకు మాత్రం ఆ నాలుగు మెట్లూ దిగి వెళ్ళి ఆవిడ చంకలో ఉండాలని ఉండేది. ఎంత చిన్న పిల్లకైనా ఎవరి చంక కావాలో తెలుస్తుంది.

పనికోసం కాకుండా ఆవిడ చెయ్యి నాకు తగిలేది ఒక్కచోటే. మధ్యాహ్నం అన్నం తిన్నాక నన్ను చాప మీద పడుకోబెట్టేది. కాసేపటికి, నేను నిద్రపోయాననుకున్నాక, వచ్చి కూర్చుని చూపుడువేలు నా ముక్కు కింద పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసేది. పసుపు, ఇంగువ, కట్టెపొయ్యి పొగ కలిసిన వేలు. రోజూ చూసేది. ఆ వేలి కోసం నేను దొంగనిద్ర పోవడం నేర్చుకున్నాను. ఒకరోజు, నాకప్పుడు నాలుగేళ్ళుంటాయి, ఆ వేలు ఇంకాసేపు ఉంటే బాగుండునని ఊపిరి బిగబట్టాను. అంతే. ఆవిడ పెట్టిన కేకకి వెనకింట్లోంచి కొన్నమ్మ పాలచెంబు పారేసి పరిగెత్తుకొచ్చింది. నేను కళ్ళు తెరిచి నవ్వాను. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గోడకి చేరగిలబడి కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది. నాకు అప్పుడు అర్థమైంది ఇంతే: నేను ఊపిరి ఆపితే ఆవిడకి ఏదో అవుతుంది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అలా చెయ్యలేదు.

బడిలో వేసేటప్పుడు కూడా ఇదే గోల. హెడ్మిస్ట్రెస్సు "మీ అమ్మాయేనా అండీ?" అని అడిగితే అమ్మ తడుముకోకుండా "కాదండీ, వాళ్ళ అమ్మాయి" అని పక్కనే ఉన్న కొన్నమ్మని చూపించింది. "మరి మీరెవరు?" అంటే "ఊరికే తోడొచ్చానండీ" అంది. తండ్రి పేరు హిందూ పేరు, చూపించిన తల్లి మెడలో సిలువ. ఆ హెడ్మిస్ట్రెస్సు కలం పక్కన పెట్టేసింది. చివరికి మా నాన్నని షెడ్డునుంచి పిలిపించాల్సి వచ్చింది. ఇంట్లో దీన్ని తలుచుకుని చాలా రోజులు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, నన్ను కాదన్న మాట అంత గబుక్కున ఎలా వచ్చిందా అని ఆలోచించాను.

అప్పటికే తమ్ముడు పుట్టాడు. వాణ్ణి అమ్మలేదు. "పిల్ల నిలబడింది కదా, ఇంకేం భయం? అయినా మగపిల్లాణ్ణి అమ్ముతారా ఎవరైనా?" అంది నాయనమ్మ. ఏ మాటా ఇవ్వలేదు గనక అమ్మకి ఏ కట్టుబాటూ లేదు. అంతకాలం లోపల ఆపుకున్నదంతా వాడి మీద గుమ్మరించింది. నా తండ్రీ, నా బంగారుకొండా, నా వరాలమూటా అని పొద్దున లేచినదగ్గరనుంచీ ఒకటే పిలుపు. వాణ్ణి ఒళ్ళోంచి దించేది కాదు. పాటలు కూడా పాడింది. ఆవిడకి పాటలు వచ్చని మా నాన్నకే తెలియదు. ఒకే ఇంట్లో ఒకే మనిషి ఇద్దరు తల్లులుగా ఉండటం నేను కళ్ళారా చూశాను. వాడు అమ్మా అంటే పలికేది, నేను పిన్నీ అంటే పలికేది. నాకు వాడి మీద అసూయ లేదని చెబితే అబద్ధం. కానీ వాడికి నేనంటే పిచ్చి. నా జడ పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. వాడూ నన్ను చూసి ఆవిణ్ణి పిన్నీ అనబోతే, ఆవిడ నవ్వుతూ "నీకు కాదురా, నీకు అమ్మని" అనేది.

నాకు ఏడో ఏడు వచ్చింది. ఐదేళ్ళప్పుడే కొనుక్కోవాల్సింది, అమ్మే "వచ్చే ఏడాది చూద్దాం" అంటూ వాయిదా వేసింది. ఈసారి కొన్నమ్మ పట్టుబట్టింది. "పిల్ల మొహం చూడమ్మాయ్. నా కూతుర్ని నేను అమ్మేస్తున్నా, తీసుకో" అంది. తమ్ముడికి మూడో ఏడు నడుస్తోంది, బొద్దుగా ఉన్నాడు, ఆవిడకీ ధైర్యం వచ్చినట్టుంది. మా నాన్న పంతులుగారిని అడిగి శుక్రవారం పెట్టించాడు. నాకు వంగపండు రంగు పరికిణీ కుట్టించారు. అమ్మ బియ్యం మరకి వెళ్ళి కొత్త తవుడు తెచ్చి, సోలతో కొలిచి, ఒక బిస్కెట్ల డబ్బాలో పోసి అటక మీద పెట్టింది. "పిన్నీ, శుక్రవారంనుంచి నిన్ను అమ్మా అని పిలవొచ్చా?" అని అడిగాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా "ఊఁ" అంది. కానీ చేట్లో చెయ్యి ఆగిపోయింది, ముక్కుపుడక దగ్గర ఏదో మెరిసింది. నేను వెనకింటికీ మా ఇంటికీ మధ్య పదిసార్లు పరిగెత్తి, ఇంకెన్ని రోజులో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

శుక్రవారం ఇంకా ఐదు రోజులుందనగా తమ్ముడికి జ్వరం వచ్చింది. మొదట గొంతు నొప్పి అన్నాడు. మర్నాటికి మెడ వాచింది. మూడో రోజు పెద్దాసుపత్రికి రిక్షాలో తీసుకెళ్తే, గొంతులో తెల్లటి పొర కట్టింది, కంఠసర్పి అన్నారు. బుధవారం పొద్దున, పాలవాళ్ళు తిరిగే వేళకి, మా నాన్న వాణ్ణి రెండు చేతుల మీద తెచ్చాడు. అమ్మ ఏడవలేదు. వాడి ముక్కు కింద వేలు పెట్టి కూర్చుంది. ఎంతసేపు అలా కూర్చుందో. కొన్నమ్మ వచ్చి ఆ చెయ్యి తీయబోతే అప్పుడు అంది, "నాది నాది అన్నాను వదినగారూ. గట్టిగా అన్నాను. ఎవరికి వినపడిందో."

శుక్రవారం వచ్చింది. ఏడేళ్ళదాన్ని. చావంటే ఏమిటో సగమే తెలుసు. ఇంటినిండా చుట్టాలు, నన్ను పట్టించుకునేవాళ్ళు లేరు. అమ్మ వంటింట్లో మూల కూర్చుని ఉంది. పాపం ఆవిణ్ణి అమ్మా అనేవాడు లేడు కదా, నేను అంటే బాగుంటుంది, ఇవాళ ఎలాగూ శుక్రవారమే కదా అనుకున్నాను. ఓదార్చడానికే వెళ్ళానని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. దగ్గర కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి నా నోరు మూసేసింది. అరచెయ్యి నా పళ్ళకి నొక్కుకుపోయింది. "అనకు. ఆ మాట అనకు. నేను నీ అమ్మని కాదు" అంది. "పిన్నీ అను. అను" అంది. పిన్నీ అన్నాను. "మళ్ళీ" అంది. మళ్ళీ అన్నాను. మూడుసార్లు అనిపించింది. నేను ఏడుస్తూ దొడ్డిదారిన వెనకింటికి పరిగెత్తాను. కొన్నమ్మ గడ్డి వేస్తున్నది వేసినట్టే వదిలేసి నన్ను ఎత్తుకుంది. "నీ మీద కోపం కాదే పిచ్చిదానా" అంది. విడమరిచి చెప్పినా అప్పుడు నాకు ఎక్కేది కాదు.

తర్వాత ఆ కొనుగోలు ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కానీ అటక మీద డబ్బా అలాగే ఉంది. ఏటా అమ్మ దాన్ని కిందికి దించి, పురుగుపట్టిన తవుడు గేదెకి వేసి, కొత్తది కొలిచి పోసి మళ్ళీ పైన పెట్టేది. ఎందుకని నేను అడగలేదు. ఆ వయసులో నాకున్నది కోపమే. కోపం చాలా ఏళ్ళు మోశాను. నాకు కొడుకు పుట్టినప్పుడు ఆవిడ మీద పంతంకొద్దీ వాణ్ణి రోజుకి వందసార్లు నా కన్నా, నా నాన్నా అని పిలిచాను. పురిటికి సాయం వచ్చిన అమ్మ ఆ పిలుపు వినపడినప్పుడల్లా లేచి దొడ్లోకి వెళ్ళిపోయేది. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వాడు పడుకున్నాక తెలియకుండానే నేనూ ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఆవిడ నాకు నేర్పిన లాలన అదొక్కటే మరి.

ఆ తర్వాత కొన్నేళ్ళకి కొన్నమ్మ పోయింది. గుణదల సమాధుల దొడ్లో మట్టి వేసి వస్తుంటే, అమ్మ గేటు దగ్గర ఆగిపోయి, "ఇంక ఎవరికి తిరిగిచ్చేది?" అంది. నాతో అన్నదో, తనలో తను అనుకున్నదో తెలియదు. ఇంటికెళ్ళి అటక మీది డబ్బా దించి, తవుడంతా వీధి ఆవుకి పెట్టేసి, డబ్బా కడిగి ఎండలో బోర్లించింది. అప్పుడు తెలిసింది నాకు, అన్నేళ్ళూ ప్రతి ఏడాదీ ఆవిడ నన్ను కొనుక్కోవాలనే అనుకుందని. ప్రతి ఏడాదీ ధైర్యం చాలలేదు.

అమ్మ ఆఖరి రోజుల్లో విజయవాడలోనే ఒక ఆసుపత్రిలో పది రోజులుంది. మనిషి పిడికెడైపోయింది, మాట మాత్రం స్పష్టంగానే ఉంది. నేనే దగ్గరుండి చూసుకున్నాను. యాభై దాటినదాన్ని, తల నెరిసినదాన్ని, రిటైర్మెంటుకి దగ్గరపడిన టీచర్ని. కొత్తగా డ్యూటీకొచ్చిన నర్సు ఒకమ్మాయి సెలైను మారుస్తూ, "మామ్మగారూ, ఈవిడ మీ అమ్మాయా?" అని అడిగింది.

అమ్మ నా వంక చూసింది. తర్వాత ఆ అమ్మాయితో, "కాదమ్మా. మా వెనకింటావిడ కూతురు" అంది. కాస్త ఆగి, "మంచి పిల్ల" అంది.

ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ నర్సు నా మొహం చూసి, పెద్దవాళ్ళకి మతి తప్పిందనుకుని జాలిపడినట్టుంది. మతి తప్పలేదు. అన్నీ గుర్తున్నాయి గనకే అలా అంది. ఇద్దరు పసివాళ్ళు, మూడేళ్ళవాడు, వాళ్ళ తర్వాత మిగిలిన నేను. మంచం పక్కన ఎవరో నిలబడి వింటున్నారని ఆవిడ భయం. ప్రాణం పోతున్నా నన్ను పట్టివ్వలేదు. నా కోపమంతా అక్కడే, ఆ ఇనప మంచం పక్కనే పోయింది. "అవునమ్మా, నేను వెనకింటి పిల్లనే" అన్నాను నర్సుతో. అమ్మ నిమ్మళంగా కళ్ళు మూసుకుంది.

ఆ మధ్యాహ్నం నేను కుర్చీలో కూర్చుని, మంచం అంచు మీద తల వాల్చి కునుకు తీశాను. ముక్కు కింద ఏదో తగిలితే మెలకువ వచ్చింది. సూది గుచ్చి ప్లాస్టరు వేసిన చెయ్యి, ఎలా జరుపుకుందో ఏమో, చూపుడువేలు నా ముక్కు కింద పెట్టి ఉంది. నేను కళ్ళు తెరవలేదు. ఊపిరి గట్టిగా, ఆవిడకి తెలిసేటట్టు, పీల్చి వదిలాను. మళ్ళీ పీల్చి వదిలాను. ఆ వేలు అలసిపోయి జారిపోయేదాకా అలాగే ఉన్నాను.

ఆవిడ కూడా బుధవారమే పోయింది. మర్నాటికి దహనం అయిపోయి, ఆ మర్నాడు పొద్దున్న లేచి చూస్తే క్యాలెండర్లో శుక్రవారం. ఏడేళ్ళ వయసునుంచి ఇప్పటిదాకా ఎన్ని శుక్రవారాలు వచ్చిపోయాయో నేను లెక్కపెట్టలేదు గాని, అమ్మ బియ్యం ఏరుతూ నాకు ఊఁ అని ఒప్పుకున్న ఆ శుక్రవారం మాత్రం రాలేదు, దానికి ఇప్పటికీ ఇంకా ఐదు రోజులే ఉంది.